వాగు దాటని మనిషి

మా ఆఫీసులో నా మీద ఒక మాట ప్రచారంలో ఉంది. వెంకటేశ్వరమ్మ మేడం మొదట తిట్టి, తర్వాత కూర్చోమంటుందని. అందులో సగమే నిజం. తిట్టిన వాళ్ళలో చాలామందిని కూర్చోమన్న గుర్తు నాకు లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను ప్రొబేషన్ అధికారిణిని. తప్పు చేసిన మనిషిని కోర్టు జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదులుతుంది. వాడు నిజంగా బుద్ధిగా ఉన్నాడో లేదో చూడటం నా ఉద్యోగం. ఉంటారన్న నమ్మకం నాకు ఉద్యోగంలో చేరిన మూడో ఏడే పోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా అమ్మ అనేది. మా అమ్మకు ప్రొబేషన్ చట్టం తెలియదు గానీ మనుషులు తెలుసు అనుకునేదాన్ని.

ఇలాంటి నా దగ్గరికి రెండేళ్ళ కిందట భానుశ్రీ గారని కొత్త మేజిస్ట్రేటు వచ్చింది. నా కూతురి వయసు ఉంటుంది. నెలకొక సంతకం పెట్టించుకుని పంపేస్తే ఏం లాభం, మనిషిని దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలి అంది. వారానికి రెండు సంతకాలు, మధ్యలో ఫోన్లు, చెప్పాపెట్టకుండా ఇంటికి తనిఖీలు. దానికి ఇంటెన్సివ్ సూపర్విజన్ అని పేరు. మా టౌనులో మొదటి కేసు నాగచైతన్యది.

వాడిది దొడ్డవారిపాలెం. ఇరవై ఆరేళ్ళు. ట్రాలీ ఆటో తోలేవాడు. ఆ ఏడు ఫిబ్రవరిలో ప్రేమమ్మ అనే ఆవిడ కల్లంలోంచి మిరపకాయలు ఎత్తుకెళ్ళాడు. గుంటూరు యార్డుకు పంపటానికి తొక్కి కట్టిన ఆరు టిక్కీలు. టిక్కీ అంటే ఇక్కడ మిరపకాయల బస్తా. ప్రేమమ్మ భర్త పోయాక మూడెకరాలు కౌలుకు చేసుకుంటున్న మనిషి. ఆ ఆరు టిక్కీలంటే ఆవిడకు ఆరు నెలల నడుం నొప్పి.

ఆవిడకు వాళ్ళ నాన్న నుంచి వచ్చిన అలవాటొకటి ఉంది. పొద్దుగూకాక కాయలకు పట్టా కప్పి, చుట్టూ పొయ్యిలో బూడిదతో ఒక గీత గీస్తుంది. కాపలా అంటే అదే. ఆ గీత దాటి ఎవరూ లోపలికి రారని ఆ చుట్టుపక్కల ఒక కట్టుబాటు. నాగచైతన్య దాటాడు. తెల్లారి చూస్తే బూడిదలో కుడికాలి చెప్పు గుర్తు, మడమ దగ్గర ఊడొచ్చిన మేకు అచ్చుతో సహా ఉంది. ఆ మేకే వాణ్ణి పట్టించింది. కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఎందుకు చేశావురా అంటే, "బుద్ధి గడ్డి తిన్నదండీ" అన్నాడు.

బాండు మీద సంతకం పెట్టడానికి జులైలో నా టేబులు ముందు నిలబడ్డాడు. ఆ వేళకే వరండాలో ప్రేమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆవిణ్ణి చూసి, వాడి చేతిలో పెన్ను చూసి, నాకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి ఏదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తు లేదు. రోజుకు పదిమందిని అంటాను, ఏదని గుర్తుంటుంది?

అలా మొదలైంది. సోమవారం, గురువారం, పొద్దున పది గంటలకు సంతకం. వాడు మొదటి వారమే పదీ పదికి వచ్చాడు. రిజిస్టరులో వాడి పేరు పక్కన ఎర్ర సిరాతో ‘ఆలస్యం’ అని రాశాను. ఆలస్యం అమృతం విషం అని క్లాసు పీకాను. తల వంచుకుని విన్నాడు. వానాకాలంలో మరీ ఘోరం. మోకాళ్ళ దాకా నల్లరేగడి బురద పూసుకుని వచ్చి, కడిగిన గచ్చు మీద అడుగులు వేసేవాడు. "ఇదేమన్నా దుక్కి అనుకున్నావా? బయట కాళ్ళు కడుక్కునే జ్ఞానం లేదూ?" అని అరిచాను. ఆ తర్వాత నుంచి బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చేవాడు. దానికి ఇంకో అయిదు నిమిషాలు పట్టేది. ఆ అయిదు నిమిషాలనూ ఎర్ర సిరాతో రాశాను.

దొడ్డవారిపాలెం నుంచి టౌనుకు దారి నాకు తెలియనిది కాదు. తనిఖీకి మా జీపులో వెళ్ళొస్తూనే ఉన్నాను. ఊరు, టౌను రెండూ వాగుకు ఒకే ఒడ్డున ఉన్నాయి గానీ, బస్సు రోడ్డు అవతలి ఒడ్డున పోతుంది. ఊళ్ళోంచి చప్టా మీదుగా వాగు దాటితే రోడ్డు, రోడ్డెక్కితే షేరాటోలు, టౌను దగ్గర వంతెన మీదుగా మళ్ళీ ఇవతలికి. ఎంత నెమ్మదిగా వచ్చినా అరగంట. అరగంట దారికి ఆలస్యం ఎందుకవుతుంది? ఒళ్ళు బద్ధకం. దొంగసొమ్ము తిన్నవాడికి పొద్దున్నే లేవాలంటే కష్టం. ఇదీ నా లెక్క.

ఆలస్యాలు నలభై దాటితే కోర్టుకు రిపోర్టు రాయాలని మాకు ఒక నియమం. ఈ మార్చి రెండో వారానికి వాడివి నలభై ఒకటి అయ్యాయి. రిపోర్టు వెళితే బాండు రద్దు. బాండు రద్దయితే రెండేళ్ళు జైలు. సోమవారం రాద్దామనుకున్నాను. బాధేమీ కలగలేదు, నిజం చెప్పాలంటే. ఆ భానుశ్రీ గారి ముందు ఫైలు పెట్టి, "చూశారా అమ్మా" అనాలని కొంచెం సరదాగా కూడా ఉంది. మూడు నెలల్లో రిటైరవుతున్నాను. నా మాటే నెగ్గిందని తెలిసి ఇంటికి పోవాలనుకున్నాను.

రాసేముందు ఇంకొక్క తనిఖీ చేయాలి, అదీ నియమమే. శనివారం మధ్యాహ్నం బయల్దేరాను. జీపు వేరే డ్యూటీ మీద పోయింది. బస్టాండు దగ్గర షేరాటో ఎక్కాను. రసూల్ అని నలభై ఏళ్ళ మనిషి, ఆ రోడ్డు మీద పన్నెండేళ్ళుగా తోలుతున్నాడట. ఆటోలో నేనొక్కదాన్నే. కబుర్లలో పెట్టి నాగచైతన్య సంగతులు లాగుదామని నా ఎత్తు.

"దొడ్డవారిపాలెం నాగచైతన్య తెలుసా? వారానికి రెండుసార్లు నీ ఆటోలోనే వస్తుంటాడుగా?"

"తెలవకపోవటమేందండీ? కానీ మా ఆటో ఎక్కి రెండేళ్ళయిందండీ."

"ఇంకెవరి ఆటో ఎక్కుతాడు?"

"ఎవరిదీ ఎక్కడండీ. ఈ రోడ్డు మీద నేను చూళ్ళేదు, మావోళ్ళెవరూ చూళ్ళేదు. మేం కూడా అనుకుంటాం, ఎటు పోతున్నాడబ్బా ఈడు అని."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈ రోడ్డు మీద రావటం లేదంటే వాడు ఆ ఊళ్ళోంచే రావటం లేదు. మరి ఎక్కణ్ణించి వస్తున్నాడు? ఎక్కడో ఉంటున్నాడు, ఎవరితోనో ఉంటున్నాడు, తనిఖీ రోజుకు మాత్రం ఎలాగో ఉప్పంది ఇంట్లో ప్రత్యక్షమవుతున్నాడు. ఇరవై నెలలుగా నా కళ్ళల్లో కారం కొట్టాడు! "తొందరగా పోనీవయ్యా" అన్నాను.

రసూల్ తొందరగా పోనివ్వలేదు. ఆటో పక్కకు తీసి ఆపాడు. "అటు చూడండి మేడం" అన్నాడు.

వినుకొండ వైపు నుంచి మబ్బు లేస్తోంది. ఆ మబ్బును ఎలా చెప్పాలో నాకు తెలియదు. సగం ఆకాశం కాటుక పూసినట్టు అయిపోయింది. దాని కింద, రోడ్డుకు రెండు వైపులా, కంటికి ఆనినంత మేర ఎండబోసిన మిరపకాయలు. మార్చి నెలలో మా సీమ ఇలాగే ఉంటుంది, పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. కానీ ఆ నల్లటి వెలుగులో ఆ ఎరుపు, నేల లోపలినుంచి మండుతున్నట్టు ఉంది. నేను ఆటోలోంచి దిగి నిలబడిపోయాను. గాలి ఆగిపోయింది. ఘాటుకు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా చూపు తిప్పుకోలేకపోయాను. ఒక్క వాన చాలు, ఇంత ఎరుపూ బూజు పట్టి తెల్లారేసరికి ధర పలకని తాలు అయిపోతుంది. ఊళ్ళకు ఊళ్ళు ఆ ఎరుపు మీద ఏడాది బతుకు పరిచి పెట్టుకున్నాయి.

అంతలో కేకలు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి నుంచో మనుషులు పుట్టుకొచ్చారు. పరిగెత్తుతున్నారు, పట్టాలు విప్పుతున్నారు, పలుగొర్రులతో కాయలు కుప్పలకు లాగుతున్నారు. ఎవరి కల్లం వాళ్ళది. పక్కవాడి కేసి చూసే తీరిక ఎవరికీ లేదు.

చప్టా పక్కన, రోడ్డు వైపు ఒడ్డున, ఒక కల్లంలో ఒక్క ఆడమనిషి ఉంది. కూలివాళ్ళు మధ్యాహ్నమే దిగిపోయినట్టున్నారు. దగ్గరికి పోతే గుర్తుపట్టాను. ప్రేమమ్మ. నాలుగు సెంట్ల మేర పరిచిన కాయలు, ఒక్క జత చేతులు. రసూల్ అప్పటికే లుంగీ ఎగగట్టి ఆవిడ వైపు పరిగెత్తాడు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆవిడ వెనక నిలబడ్డాను. అరవై రెండేళ్ళ కీళ్ళనొప్పుల మనిషిని, పలుగొర్రు ఎలా పట్టాలో తెలియదు.

అప్పుడు వాగు అవతలి ఒడ్డు నుంచి గొంతు వినపడింది.

"పిన్నీ! గాలి పడమట తిరుగుద్ది! ముందు ఆ మూల కప్పు! ఆ మూల!"

నాగచైతన్య. ఊరి వైపు ఒడ్డున, సరిగ్గా చప్టా మొదట్లో నిలబడి ఉన్నాడు. భుజం మీద రెండు పెద్ద పట్టాలు, చేతిలో తాడు చుట్ట. మొహం చెమటతో తడిసిపోయింది. గంతులు వేస్తున్నాడు గానీ అడుగు ముందుకు పడటం లేదు.

నాకు తిక్క రేగింది. "ఏరా! అక్కడ నిలబడి కబుర్లు చెప్పకపోతే వచ్చి ఒక చెయ్యి వేయొచ్చుగా! కాళ్ళు విరిగాయా?"

వాడు నన్ను అప్పుడే చూశాడు. భయపడతాడనుకున్నాను. భయం కాదు, ప్రాణం లేచొచ్చినట్టు చూశాడు.

"మేడం! మీరు వాగు దాటొద్దన్నారు గదండీ!"

"ఎవరన్నారు?"

"మీరేనండీ! బాండు రోజున! ‘ఈ వాగు దాటి ఆ ప్రేమమ్మ ఉండే వైపు నీ కాలు పడిందో, ఆ రోజే నీకు జైలు’ అన్నారండీ!"

వరండాలో కొంగు కుక్కుకుని ఏడుస్తున్న మనిషి, వాడి చేతిలో పెన్ను, నా ఒళ్ళు మంట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. అన్నాను. నిజమే, అన్నాను. కోర్టు ఆర్డరులో అలాంటి షరతు లేదు. చట్టంలో నోటిమాట షరతు అనేదే లేదు. కోపంలో నోటికొచ్చిన మాట అది. అని మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు.

రోడ్డంతా వాగుకు నేను నిలబడ్డ ఒడ్డునే ఉంది. షేరాటోలన్నీ ఇక్కడే. వాగు దాటకుండా టౌనుకు రావాలంటే ఊరి వైపు ఒడ్డు వెంట పొలాల మధ్య డొంకదారి ఒక్కటే. పదమూడు కిలోమీటర్లు. ఎండాకాలం అయితే సైకిలు నడుస్తుంది. వానాకాలం రేగట్లో సైకిలు చక్రం తిరగదు, సైకిలే మనిషి నెత్తికెక్కుతుంది. మోకాళ్ళ దాకా బురద అందుకే. పదీ పది అందుకే. నా నలభై ఒక్క ఎర్ర సిరా రాతలూ అందుకే.

"మేడం! దాటమంటారా? రాసుకోరు గదండీ?" అరుస్తున్నాడు.

"రాసుకోను! దాటు నాయనా, దాటు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

దాటాడు. చప్టా మీద నీళ్ళు కూడా లేవు. పట్టుమని పాతిక అంగలు లేవు. ఆ పాతిక అంగలు వేయకుండా ఇరవై నెలలు ఆ మనిషి పదమూడు కిలోమీటర్లు తిరిగాడు. నా కళ్ళ ముందు చప్టా మీద పరిగెత్తుతున్నది ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, నేను దొంగ అని రాసుకున్నవాడు. నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. గుళ్ళో కూడా నాకు ఎప్పుడూ అలా కాలేదు.

వచ్చీ రావటంతోనే పట్టా విప్పి పడమటి మూల పరిచాడు. రసూల్ ఒక కొస పట్టుకున్నాడు, నేను ఒక కొస మీద కూర్చున్నాను. చేతగాని దానికి అంతకంటే పని లేదు. చూస్తుండగా కాయలన్నీ మూడు కుప్పలయ్యాయి, కుప్పల మీద పట్టాలు పడ్డాయి, తాళ్ళు బిగుసుకున్నాయి. చినుకులు మొదలయ్యాయి. ఇక కల్లం మధ్యలో టిక్కీలు మిగిలాయి. యార్డుకు కట్టిపెట్టిన పదకొండు టిక్కీలు, చుట్టూ రాత్రి గీసిన బూడిద గీత.

నాగచైతన్య ఆఖరి పట్టా భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. గీత దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ ఆ నిలబడటమే. వాన పెద్దదవుతోంది. టిక్కీలు తడుస్తున్నాయి. వాడి మెడ మీద నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి, కాలు మాత్రం లేవటం లేదు.

ప్రేమమ్మ ఎదురుగా నిలబడి వాడి కేసి చూసింది. ముందుకొచ్చి, తన పాదంతో బూడిద గీత ఒక మూర మేర తుడిచేసింది.

"రారా" అంది.

అతను లోపలికి వెళ్ళాడు.

వాన ముప్పావు గంట కురిసింది. నలుగురం ప్రేమమ్మ పాకలో ఒదిగి కూర్చున్నాం. పట్టాల మీద వాన చప్పుడు, లోపల కాయల ఘాటు, తడిసిన మట్టి వాసన. ప్రేమమ్మ పొయ్యి రాజేసి టీ పెట్టింది. కాయల కంగారులో వాగు దగ్గరి మా కేకలు ఆవిడ చెవికెక్కినట్టు లేవు, నేనెవరో ఆవిడకు తెలియలేదు. కోర్టులో చూసింది గానీ గుర్తుండే మొహం కాదు నాది.

"పోయినేడు కూడా ఇట్టాగేనమ్మా," అంది గ్లాసు నా చేతికిస్తూ. "కాయలు ఎండబోసిన కాణ్ణించి, నేను పట్టా కప్పి ఇంటికి పోయేదాకా ఆ ఒడ్డున నిలబడేవాడు. మొదట్లో బూతులు తిట్టా. మళ్ళీ దేనికి కన్నేశావురా అన్నా. పలికేవాడు కాదు. తర్వాత్తర్వాత నేనే పిలిచా, రారా, వచ్చి ఒక చెయ్యి వెయ్యి అని. మేడం దాటొద్దంది పిన్నీ అంటాడు. ఆ మేడం ఎవరో గానీ, రాతిగుండెదమ్మా."

రసూల్ టీ గుటక మింగలేక దగ్గాడు. నాగచైతన్య నేల చూపులు చూశాడు. నేను టీ తాగాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారి ఇరవై నెలలైంది, దాని వెంట ఇంకెవరో నడుస్తున్నారు.

"ఆ మేడం నేనేనమ్మా" అన్నాను.

ప్రేమమ్మ ఉలిక్కిపడలేదు. నన్ను ఎగాదిగా చూసి, "అట్టనా" అని, ఇంకొంచెం టీ పోసింది.

నేను నాగచైతన్య వైపు తిరిగాను. "ఇన్నాళ్ళూ చెప్పొచ్చుగా నాకు, ఎందుకు ఆలస్యమవుతుందో?"

"మీరు అడగలేదండీ. ఆలస్యం అని రాసుకున్నారు, అంతే."

"నేనంటే అంత భయమా?"

అతను కొంచెం ఆలోచించాడు. "భయమైతే చాటుగా దాటేవాణ్ణండీ. చీకట్నే దాటి రోడ్డెక్కితే చూసేవాళ్ళెవరు? ఆ బూడిద గీత దాటిన రోజున కూడా ఎవరూ చూళ్ళేదు. ఎవరూ చూడకపోతే నేను ఏం చేస్తానో నాకు తెలిసిపోయింది గదండీ. ఆ సంగతి తెలిసినాక నిద్ర పట్టలేదు. మీరు ఆ వాగు మాట అన్నారు. సరే, ఈ ఒక్కటి ఎవరూ చూడకపోయినా దాటకుండా ఉండగలనేమో చూద్దాం అనుకున్నా. ఒక వారం ఉన్నా. ఉండగలిగా. ఇంకో వారం ఉన్నా."

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను మనుషుల్ని కనిపెట్టుకుని ఉన్నాను. ఫోన్లు చేశాను, తలుపులు కొట్టాను, ఎర్ర సిరాతో రాశాను. కనిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో ఆ పాకలో, ఆ కుర్రాడి నోటి నుంచి విన్నాను. రాత్రీ పగలూ, తనను తానే, తన వెనక తానే నిలబడి.

సోమవారం వచ్చింది. పది గంటలకు కుర్చీలో కూర్చుని గుమ్మం కేసి చూస్తున్నాను. పది కొట్టింది. పదీ అయిదు. శనివారం వానకు డొంకదారి ఎలా ఉంటుందో నాకు తెలుసు, కానీ అతనికి ఇప్పుడు డొంకదారితో పనేముంది?

పదీ ఇరవైకి బోరింగు చప్పుడైంది. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. పంచె అంచుకు ఇంకా నల్లటి బురద ఉంది.

"ఏరా, మొన్న దాటమన్నాను గదా!"

"అది మొన్నటికి గదండీ. వాన వస్తందని అన్నారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రిజిస్టరు తెరిచాను. ఎర్ర పెన్ను మూత పెట్టి సొరుగులో పడేశాను. అతను సంతకం పెట్టి వెళ్ళాక, తలుపు దగ్గరికి వేసి, తెల్ల కాగితం తీసుకున్నాను.

అక్కడే అసలు చిక్కు. ఆ షరతు తీసేయాలంటే ముందు అది ఉన్నట్టు రాయాలి. ఉన్నట్టు రాయాలంటే, కోర్టు ఇవ్వని షరతును నేను నోటితో పెట్టానని రాయాలి. అది నేరుగా నా సర్వీసు ఫైలులోకి పోతుంది. రాయకపోతే, నలభై రెండు ఆలస్యాలతో ఆ ఫైలు అతన్ని జైలుకు పంపుతుంది. ఇంకో దారి లేకపోలేదు. ఏమీ రాయకుండా, ఆలస్యాలన్నీ తెల్ల సిరాతో దిద్దేసి, అతన్ని పిలిచి ‘ఇక రోజూ దాటు’ అని నోటితో చెప్పొచ్చు. ఎవరూ చూడరు.

ఎవరూ చూడరు అన్న మాట మనసులో అనుకోగానే సిగ్గేసింది. పెన్ను తీసి రాశాను. ఏ తేదీన ఏమన్నానో, ఎందుకన్నానో, దాని వల్ల నలభై రెండు ఆలస్యాలు ఎలా అయ్యాయో, అవన్నీ అతనివి కావు నావి అని, నాలుగు పేజీలు రాశాను. కొట్టివేత ఒక్కటి లేదు.

మధ్యాహ్నం కోర్టులో భానుశ్రీ గారు ఆ నాలుగు పేజీలూ నా ముందే చదివింది. చదివి కళ్ళజోడు తీసింది. నేను ఆవిడకు ‘చూశారా అమ్మా’ అని చెప్పాల్సిన రోజు అది. ఆవిడ నాకు ఆ మాట చెబుతుందని ఎదురు చూశాను. చెప్పలేదు.

"పదమూడు కిలోమీటర్లా?" అంది మెల్లగా.

"వెళ్ళటానికి పదమూడు, రావటానికి పదమూడు అమ్మా."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని పెన్ను తీసుకుంది. తర్వాత రెండు ఆర్డర్లు రాసింది. ఒకటి, అటువంటి షరతేదీ లేదని, నాగచైతన్య వాగు దాటవచ్చని, బాండు యథాతథంగా కొనసాగుతుందని. రెండోది, నా సంజాయిషీ కోరుతూ నోటీసు. రెండూ న్యాయంగానే ఉన్నాయి. రెండు కాపీలూ బ్యాగులో పెట్టుకున్నాను.

సాయంత్రం అతనికి ఫోన్ చేసి చెప్పాను.

"కాగితం మీద ఉందా అండీ?" అన్నాడు.

"స్టాంపు కూడా ఉంది."

గురువారం ఒంగోలులో మా ఇంటి నుంచి వస్తూ నేను ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ ఆఫీసుకు చేరేసరికి పదీ పన్నెండు. నాగచైతన్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిదిన్నరకే వచ్చాడని అటెండరు చెప్పాడు.

నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. నా మొహం కేసి పరీక్షగా చూశాడు.

"ఏం మేడం, ఇవాళ ఆలస్యమైంది? ఒంట్లో బాగుందా అండీ?"

నూట డెబ్భై సార్లు ఆ మనిషి నా టేబులు ముందు నిలబడ్డాడు. ఒక్కసారి కూడా నేనతన్ని అడగని ప్రశ్న అది. మొదటిసారి నాకు ఆలస్యమవగానే అతను అడిగాడు.

నేను తాళం తీసి, లోపలికి వెళ్ళి, నా ఎదురుగా ఉన్న కుర్చీ ముందుకు లాగాను.

"కూర్చో నాయనా" అన్నాను.